చార్టులో నేను కొట్టేసిన తేదీ

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో పనిచేసి, ఒక్క మెమో కూడా తీసుకోకుండా రిటైరయ్యాను. సన్మానం రోజున మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆ మాటే చెప్పాడు. నేను శాలువా కప్పుకుని తల ఊపుతూ కూర్చున్నాను. మెమో ఇవ్వదగ్గ తప్పు నేను చేయలేదు, నిజమే. చేసిన ఒక పెద్ద తప్పుకి మాత్రం మెమో ఇచ్చే పద్ధతి ఏ డిపోలోనూ లేదు. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న పిల్లలు చదువుకుంటే చాలు.

మాది పల్నాడులో ఒక డిపో. కండక్టరుగా చేరి, చివరి పదకొండేళ్ళు డ్యూటీ చార్టు వేశాను. రేపు ఏ బస్సుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు అనేది ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా రాయాలి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టిన అయిదు నిమిషాల్లో కిటికీ ముందు నలుగురు నిలబడతారు. ఒకడికి కారంపూడి రూటు వద్దు, ఒకడికి ఫలానా డ్రైవరు వద్దు, ఇంకొకడి ఇంట్లో పెళ్ళిచూపులు. అందరికీ నేను చెప్పే జవాబు ఒకటే: “చార్టుకి చుట్టరికం లేదు.” ఆ మాట ఎన్నిసార్లు అన్నానంటే, రెస్ట్ రూములో నా గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళు. నేను నిష్పక్షపాతిననే పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మా డిపోలో ఉన్న కొద్దిమంది ఆడ కండక్టర్లలో ఒకామె ఈపూరు పక్క పల్లె నుంచి వచ్చేది. నలభై దాటిన మనిషి. భర్తకి మిరప, పత్తి వ్యవసాయం. ఆమె నోటికి కాలేజీ కుర్రాళ్ళు కూడా భయపడేవాళ్ళు. బస్సు కిక్కిరిసి ఉన్నా ఆమె గొంతు డ్రైవరు దాకా వినపడేది.

“మెట్టు మీదే యాలాడతన్నారేందయ్యా? మీ అత్తోళ్ళు పీటేశారా అక్కడ? లోపలికి రాండి!”

అలాంటి మనిషి ఒకరోజు నా కిటికీ దగ్గరకి వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని చెప్పింది. “కుడిపక్క రొమ్ములో గడ్డ సార్. గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ఆపరేషనంట.” ఆమె ఆ మాట సూటిగానే అంది. నేనే చూపు దించుకుని సెలవు కాగితం వైపు చూశాను.

ఆపరేషను, సెలైన్‌లో ఎక్కించే మందులు, తర్వాత కరెంటు, అదే రేడియేషను. తొమ్మిది నెలలు పట్టింది. తిరిగొచ్చినప్పుడు నెత్తిన స్కార్ఫు కింద వేలెడు జుట్టు మొలిచింది. గేటు దగ్గర మెకానిక్ ఒకాయన తెలియక అడిగాడు.

“ఏం చెల్లే, తిరపతి పోయొచ్చావా?”

“పోయొచ్చా అన్నా. మొక్కు ఇంకా తీరలా. మూణ్ణెల్లకోసారి పోవాలంట.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మూణ్ణెల్లకోసారి అన్నది నా చార్టులోకి వస్తుందని అప్పుడు తట్టలేదు.

కుడిచేత్తో బరువు ఎత్తకూడదని, ఆ చేతికి సూది గుచ్చకూడదని, అలసిపోతే వాస్తుందని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. మూడు నెలలు బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు దగ్గర కూర్చోబెట్టాను. నాలుగో నెలలో మగ కండక్టర్లు సణగడం మొదలుపెట్టారు. “ఆమెకేనా కుర్చీ? మా నడుములేమన్నా ఇనపయ్యా?” అది నా నిర్ణయం, నోరు మూసుకోండి అని ఉంటే అయిపోయేది. నేను ఆ మాట అనలేదు. చార్టుకి చుట్టరికం లేదని చెప్పి ఆమెను మళ్ళీ రూటు మీద వేశాను.

ఆమె పేచీ పెట్టలేదు. సంచీ ఎడమ భుజానికి మార్చుకుంది. పైన కమ్మీ పట్టుకోలేకపోయేది కాబట్టి సీటుకి వీపు ఆనించి నిలబడి టిక్కెట్లు కొట్టడం నేర్చుకుంది. ఆమెతో ఎక్కువగా పడే డ్రైవరు ఒక సాయిబు. మా అందరికీ భాయ్. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆమె టిక్కెట్లు పూర్తిచేసి విజిలు వేసేదాకా బస్సు కదిలించేవాడు కాదు. లేటెందుకైందని నేను అడిగితే, “దారిలో గొర్లమంద అడ్డమొచ్చింది సారూ” అనేవాడు. రోజూ అదే మంద.

చెకప్పుల సంగతి కొంచెం చెప్పాలి. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి. ఏడాదికోసారి మిషను మీద రొమ్ము ఫోటో తీస్తారు. రోజూ ఒక బిళ్ళ, అయిదేళ్ళు. తేదీ వచ్చిన నెల ముందే ఆమె చీటీ రాసి తెచ్చేది. నేను క్లిప్పుకి పెట్టుకునేవాణ్ణి. నా లెక్కలో చెకప్పు అంటే బస్సుని ఫిట్‌నెస్‌కి పంపించడం లాంటిది. నడుస్తున్న బండినే పంపుతాం, సంతకం పెట్టి వెనక్కి ఇస్తారు. ఆ తేదీకి పది రోజుల ముందు నుంచి ఆ మనిషికి ముద్ద దిగదని, భుజం నొప్పెట్టినా తలనొప్పొచ్చినా అదేనేమో అని వణుకుతుందని, “ఏం లేదు, ఆరు నెలల తర్వాత రా” అని డాక్టరు చెప్పిన సాయంత్రం ఆ ఇంట్లో కూర కాస్త రుచిగా ఉంటుందని నాకు తెలియదు. ఇవన్నీ తర్వాత విన్నవి. అప్పట్లో నేను అడగలేదు.

మూడో ఏడు, ఆమె తేదీ శివరాత్రికి ముందురోజు పడింది.

మా వైపు వాళ్ళకి వివరించనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. కోటప్పకొండ తిరునాళ్ళంటే మా డిపోలకి పెళ్ళివారిల్లే. మూడు రోజులు రాత్రీ పగలూ స్పెషల్ బస్సులు నడుస్తాయి. ఎవరికీ సెలవు ఉండదు. ఆ రోజుల్లో మా స్టాఫు ఇళ్ళల్లో ముహూర్తాలు కూడా పెట్టుకోరు. నెల ముందే మేనేజరు మీటింగు పెడతాడు. చార్టు వేసేవాడే ఆ మూడు రోజులూ పెళ్ళిపెద్ద.

పండగకి నాలుగు రోజుల ముందు ఆమె కిటికీ దగ్గరకొచ్చింది.

“సార్, నా గుంటూరు తేదీ గుర్తుంది కదా?”

“ఏ తేదీ?”

“నెల కిందట చీటీ ఇచ్చా కదా సార్. తిరునాళ్ళ ముందురోజు.”

చీటీ క్లిప్పులోనే ఉంది. నేను చదవలేదు. “ఆ మూడు రోజులూ సెలవు లేదమ్మా. తెలియదా నీకు?”

“తెలుసు సార్. ఫోటో తీసే మిషను తేదీ, వాళ్ళే ఇచ్చారు. పొద్దున పోయి సాయంత్రానికొస్తా. పండగ నాడు తెల్లారేసరికి డ్యూటీ ఎక్కుతా.”

“రోగం పోయింది కదమ్మా. ఊరికే చూపించుకునేదేగా. ఈ బస్సు తప్పితే ఇంకో బస్సు. తిరునాళ్ళయ్యాక పోదువులే.”

“మళ్ళీ తొందరగా ఇయ్యరంట సార్ ఆ తేదీ.”

“అడిగితే ఇస్తారు.”

ఆమె క్లిప్పులోని తన చీటీ వైపు చూసింది. తర్వాత “సరే సార్” అని వెళ్ళిపోయింది. ఇంత తేలిగ్గా తేలిపోయిందేమిటని సంతోషించాను. ఆమె పేరు ముందురోజు స్పెషల్‌కి వేశాను. చీటీ మీద అడ్డంగా గీత కొట్టాను.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఈ రెండూ చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

మొదటిది. మీటింగు అయ్యాక మేనేజరు నన్ను ఆపి, “పక్క డిపోల నుంచి కూడా మనుషుల్ని పంపుతున్నారు. నిజంగా జబ్బు మనుషులుంటే నువ్వే చూసి వదిలెయ్” అన్నాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ముందు ఏడాది ఒక కండక్టరు తల్లికి బాగాలేదని సెలవు తీసుకుని, మా స్పెషల్ బస్సే ఎక్కి కొండకి పోయి, మా చెకింగు వాళ్ళకే దొరికాడు. తల్లి పక్క సీట్లోనే కూర్చుని శనక్కాయలు తింటోందట. డిపో అంతా నన్ను చూసి నవ్వింది. మళ్ళీ నవ్వించుకోదలచుకోలేదు.

రెండోది. ఆమెకి లేదన్న రోజునే ఇంకో డ్రైవరుకి సెలవు ఇచ్చాను. అతను బావమరిది గృహప్రవేశమని నా గదిలోకొచ్చి బల్ల గుద్ది అరిచాడు. పది మంది చూస్తున్నారు. ఇచ్చేశాను. ఆ రోజు చార్టుకి చుట్టరికం లేదన్న మాట నా నోటికి రాలేదు.

తిరునాళ్ళ ముందురోజు మధ్యాహ్నం కొండ కింద తాత్కాలికంగా వేసిన బస్టాండుకి వెళ్ళాను. ఊళ్ళ నుంచి ఎత్తుగా కట్టిన ప్రభల బళ్ళు వస్తున్నాయి, జనం తోసుకుంటున్నారు. దూరం నుంచి ఆమె కనిపించింది. కుడి మోచెయ్యి పక్కటెముకలకి గట్టిగా అదుముకుని, ఎడమచేత్తో టిక్కెట్ల మిషను నొక్కుతోంది. భాయ్ అన్నం మానేసి వెనక తలుపు దగ్గర నిలబడి, “ఒకరెనకొకరు ఎక్కండయ్యా, ఆడమనిషి మీద పడతారేంది” అని జనాన్ని ఆపుతున్నాడు. నేను ట్రిప్పులు రాసుకుని పక్క బస్సు దగ్గరకి పోయాను. ఆ ఏడు మా డిపో ట్రిప్పులు బాగా వచ్చాయని మేనేజరు మెచ్చుకున్నాడు.

పండగయ్యాక ఆమె గుంటూరు వెళ్ళింది. మిషను తేదీ రెండున్నర నెలల తర్వాత ఇచ్చారు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం భాయ్ వచ్చి కిటికీలో నుంచి ఒక కాగితం లోపల పెట్టాడు.

“చెల్లెమ్మ రేపట్నించి రాదు సారూ. సెలవు చీటీ.”

“ఏమైంది?”

“ఎడమపక్క గూడా వచ్చిందంట. చిన్నదే అంటన్నారు. మళ్ళీ కోత, మళ్ళీ మందులు.”

“ఎప్పుడు తెలిసింది?”

“మీరు తిరునాళ్ళకి ఆపారే, ఆ ఫోటో మొన్న తీశారు. దాంట్లో కనపడింది.”

“నాకు ఒక్క మాట చెప్పలేదే భాయ్.”

“చెప్తే ఏం చేస్తారు? ఇంకో బస్సు ఏస్తారా?”

గొంతు పెంచలేదు. నాతో పనిచేసినన్నాళ్ళూ ఎప్పుడూ పెంచలేదు. తాళంచెవి తీసుకుని బస్సు దగ్గరకి పోయాడు. ఆ సాయంత్రం చార్టులో ఒకే కండక్టరుని రెండు బస్సులకి వేశాను. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

వారం తర్వాత గుంటూరు వెళ్ళాను. ఆపరేషనుకి ముందు చేసే రక్తపరీక్షల రోజు. వరండాలో బల్ల మీద, ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. నేను ముందు ఆమె దగ్గరకి పోలేదు. బయటికొచ్చిన డాక్టరమ్మను ఆపి, ఆమె పేరు చెప్పి అడిగాను. రెండున్నర నెలలు ముందే ఫోటో తీసి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని.

“మీరేమవుతారు ఆవిడకి?”

“డిపోలో పైవాణ్ణండీ.”

“అప్పుడు ఇంకా చిన్నదిగా దొరికేదేమో. అసలు కనపడేదే కాదేమో. ఎవరూ చెప్పలేరు. ఇప్పుడూ మొదట్లోనే ఉంది, వైద్యం ఉంది. ఇక మీదట తేదీలకి తప్పకుండా పంపండి.”

అవుననో కాదనో ఏదో ఒకటి చెబుతారని వెళ్ళాను. రెండూ చెప్పలేదు. ఆ జవాబు అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ.

తర్వాత వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, మేనేజరు అన్న మాట, గృహప్రవేశం సెలవు, రెండూ చెప్పాను. ఆమె ఫైలు మూసింది.

“జబ్బు మనుషుల్ని వదలమన్నాడా మేనేజరు?”

“అన్నాడు.”

“మీరు నాకు చెప్పలా.”

“చెప్పలేదు.”

“ఆయనకేమో ఇచ్చారు.”

“అరిచాడు. ఇచ్చాను.”

ఫైలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. “మా ఆయన ఇదే మాట సార్, తేదీ తప్పిన కాడ్నించి. ‘గట్టిగా అడిగితే ఎందుకియ్యరు, నువ్వే అడగలా, నీకు ఒంటి మీద కంటే డ్యూటీ మీద పేమ’ అని. మా అత్తదీ అదే పాట. పొద్దున లేస్తే అదే. నాకూ అట్టాగే అనిపించింది. బస్సులో అంత నోరేసుకుని పడేదాన్ని, ఆరోజు ఎందుకు పెగల్లా అని నన్ను నేనే తిట్టుకుంటన్నా.”

“మరి ఎందుకు గట్టిగా అడగలేదమ్మా?” ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. అయినా అడిగాను.

“చీటీ తీసుకునేటప్పుడు మీరు ఒక మొహం పెడతారు సార్. ప్రతిసారీ. మళ్ళీ వచ్చిందిరా అన్నట్టు. మూడేళ్ళు చూశా ఆ మొహం. ఆరోజు ఇంక చూడబుద్ధి కాలా.”

నేను ఆ మొహం పెడతానని నాకు తెలియదు. నన్ను క్షమించమ్మా అన్నాను.

“దాన్ని నేనేం చేసుకోను సార్? మా ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పండి. నేను అడిగానని. మీరియ్యలేదని. ఇయ్యొచ్చని తెలిసే ఇయ్యలేదని. ఆపరేషనుకి ముందే చెప్పండి. ఆ మాట చెవిలో పెట్టుకుని నేను బల్ల మీద పడుకోలేను.”

లోపలి నుంచి పేరు పిలిచారు. లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు పట్టింది నాకు. రెండో రోజు తయారై బస్టాండు దాకా పోయి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాను. నాలుగో రోజు వెళ్ళాను. ఆమె భర్త వాకిట్లో కూర్చుని మందు కొట్టే స్ప్రేయరు విప్పి, కొసకి పట్టిన మడ్డి సూదితో తీస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేశాడు. సోడా తెప్పించాడు.

“రండి సారూ. మీరొచ్చారు, సరిపోయింది. మీరన్నా గడ్డి పెట్టండి దానికి. డ్యూటీ డ్యూటీ అని పానం మీదికి తెచ్చుకుంది.”

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బయటికి రాలేదు. నేను చెప్పాను. మొదలుపెట్టాక రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన చేతిలో సూది ఆగిపోయింది. “అడిగిందా?”

“అడిగింది. నెల ముందు చీటీ ఇచ్చింది. మళ్ళీ వచ్చి అడిగింది. పండగ నాడు తెల్లారేసరికి డ్యూటీ ఎక్కుతానంది.”

“ఇయ్యొచ్చా?”

“ఇవ్వొచ్చు. ఇవ్వమనే చెప్పారు నాకు. నేనే ఇవ్వలేదు.”

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన ఇంట్లోకి తిరిగి, “అమ్మా, ఇట్రా” అని పిలిచాడు. ముసలామె గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

“మా అమ్మకి గూడా చెప్పండి సారూ. చెవుడు. గట్టిగా చెప్పండి.”

మళ్ళీ చెప్పాను. “ఏందంటన్నాడూ?” అంది ముసలామె. ఇంకా గట్టిగా చెప్పాను. మీ కోడలు సెలవు అడిగింది, తప్పు నాది, నేనే ఇవ్వలేదు, అని వీధి వీధంతా వినపడేలా అరిచి చెప్పాను. పక్కింటి పిట్టగోడ మీద రెండు తలలు లేచాయి. ఆపై ఇంట్లో వాళ్ళు కూడా తలుపు తీశారు. మూడోసారికి ముసలామెకి అర్థమైంది. నన్ను కిందా మీదా చూసింది.

“మరి మేం దాన్ని ఇన్నాళ్ళూ అన్న మాటలన్నీ ఎవురికి పోను?” అంది.

సోడా స్టూలు మీదే ఉంది. తాగమని ఎవరూ అనలేదు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆపరేషను అయింది, మందులు అయ్యాయి. ఏడెనిమిది నెలలకి మళ్ళీ డ్యూటీలోకి వచ్చింది. ఎంక్వయిరీ కౌంటరు దగ్గర వేశాను. ఈసారి సణిగినవాళ్ళకి, “నేనే వేశాను, ఏమన్నా ఉంటే నాతో అనండి” అన్నాను. అనడానికి ఎంతసేపూ పట్టలేదు. ముందే అనుంటే పోయేది. ఏడాది మొదట్లోనే ఆమె తేదీలు చార్టు పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసుకుని, మిగతా పేర్లు ఆ తర్వాత వేసేవాణ్ణి. చీటీ తెచ్చినవాళ్ళని కారణం అడగడం మానేశాక ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకాయన భార్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్ అట. రెండేళ్ళుగా ఆయన నైట్ డ్యూటీ అడిగి వేయించుకుంటున్నది అందుకే. నేనేమో రాత్రి బత్తా డబ్బుల కోసం అనుకున్నాను. ఇప్పుడు మీకు చార్టు కంప్యూటరే వేస్తుందని విన్నాను. మంచిదే. చీటీ తీసుకునేది మాత్రం ఇప్పటికీ మీరే. అప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో మీకు కనపడదు, ఎదుటివాళ్ళకే కనపడుతుంది. అదొక్కటి జ్ఞాపకం పెట్టుకోండి.

ఆమె ఇప్పటికీ తన తేదీలకి వెళుతూనే ఉంది, బాగానే ఉంది. నన్ను క్షమించిందో లేదో తెలియదు. కనపడితే నమస్తే పెడుతుంది, మాట కలపదు. అది ఆమె ఇష్టం.

రెండోసారి వైద్యం అయ్యాక వచ్చిన మొదటి చెకప్పు రోజున నేను పొద్దున ఆరింటికి బస్టాండులోనే ఉన్నాను. గుంటూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కింది. వెనకాలే తెల్లచొక్కా వేసుకుని, ఆసుపత్రి ఫైలు చంకలో పెట్టుకుని ఆమె భర్త ఎక్కాడు. అన్నేళ్ళలో ఆయన ఆమెతో గుంటూరు బయల్దేరడం చూడటం నాకు అదే మొదలు. కొత్తగా వచ్చిన కండక్టరు కుర్రాడు ఆమెను గుర్తుపట్టి, “అక్కకి పాసేగా” అంటూ ముందుకి పోబోయాడు. ఆమె సంచీలో నుంచి చిల్లర తీసి అతన్ని ఆపింది.

“నాకు పాసే. ఆయనకొకటి గుంటూరు కొట్టు.”